జడ విప్పే పాట

పోయిన వారం మనం ఎక్కడ ఆగాం? మా ఊరి రామాలయం ముందు, ప్లాస్టిక్ కుర్చీ దగ్గర. కుర్చీలో నేను. నా చుట్టూ, చిక్కుపడ్డ తాళ్ళు పట్టుకుని తెల్లమొహాలేసిన ఎనిమిది మంది ఆడవాళ్ళు. "మీకు ఈ జన్మకి రాదే!" అని అరిచాను. అరిచినందుకు ఊపిరి అందలేదు. మా అమ్మాయి శ్రీరమ్య పరిగెత్తుకొచ్చి, రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. నేను ఓడిపోయి ఇంటికి పోయిన సాయంత్రం అది.

ఈ వారమే చదవడం మొదలెట్టినవాళ్ళకి నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నా పేరు పుల్లమ్మ. చీమకుర్తి రాళ్ళ లారీలు దుమ్ము రేపుకుంటూ పోయే రోడ్డు పక్కన మా ఊరు. పత్తి, మిరప మా బతుకు. రెండేళ్ళ కిందట నాకో జ్వరం వచ్చింది. అది తగ్గింది గానీ గుండెను పాడుచేసి పోయింది. కండరం సాగిపోయిందన్నారు, పంపింగ్ బాగా పడిపోయిందన్నారు. ఇక మందులతో నెట్టుకురావడమే, అసలు వైద్యం మాత్రం గుండె మార్చడమేనని గుంటూరులో డాక్టర్లు తేల్చి నా పేరు నమోదు చేశారు. అది ఎప్పుడు దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో చెప్పగలిగిన మనిషి లేడు. పిలుపు రాగానే బయల్దేరాలి గనక దూరాలు పోకూడదు. నీళ్ళు కొలిచి తాగాలి. ఉప్పు దాదాపు బంద్. మిరపకాయ పండించే ఇంట పుట్టి, మిరపకాయ పండించే ఇంటికి కోడలై వచ్చి, చప్పిడి కూడు తినే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మా ఇంటికొచ్చి పరామర్శించే ప్రతి మహాతల్లీ ఓ కొబ్బరి బోండాం తెస్తుంది, తాగు తాగు బలం అంటుంది. నేను అది తాగకూడదు తల్లీ అంటే, కొబ్బరి నీళ్ళు కూడానా అని డాక్టర్ని తిడుతుంది.

ఆ గుండె వచ్చేలోపు నాకు ఒక్కటే కోరిక. జడకోపు విప్పడం ఎవరికైనా నేర్పాలి. మత్తు ఇచ్చి బల్ల మీద పడుకోబెడతారు, లేస్తానో లేవనో ఆ పైవాడికే తెలియాలి. నాతో పాటు ఆ విద్య కూడా పోకూడదు. రాబోయే పోలేరమ్మ తిరునాళ్ళలో, నేను పక్కన కూర్చుని చూస్తుండగా, ఇంకొకళ్ళు జడ విప్పాలి. ఇదీ నా గొడవ.

జడకోపు చూడనివాళ్ళ కోసం చెబుతాను. కోలాటంలో అన్నిటికన్నా కష్టమైన ఆట అది. నడుమ వెదురు కంబం పాతుతారు. దాని కొసకి ఇనుప రింగు, రింగుకి రంగురంగుల చీరపేలికల తాళ్ళు. ఆడేవాళ్ళు ఎడమచేత్తో తాడు, కుడిచేత్తో కోల పట్టుకుని, పాటకి అడుగేస్తూ ఒకసారి ఎదుటి మనిషికి లోపలి నుంచి, ఒకసారి బయటి నుంచి తిరుగుతారు. తిరిగేకొద్దీ పైనుంచి కిందికి జడ దిగుతుంది. అల్లడానిదేముంది, ఎవరైనా అల్లుతారు. అదే పాట మీద వెనక్కి తిరిగి, అల్లిన దారినే వచ్చి జడ విప్పాలి. అక్కడ తెలుస్తుంది ఎవరెంత మొనగత్తెలో. కంబం పట్టుకుని నడుమ నిలబడ్డ మనిషి ఎవరు లోనికో ఎవరు బయటికో పాటలో కలిపేసి పిలుస్తూ ఉంటే, ఆ పిలుపు పట్టుకుని విప్పుకుంటూ రావాలి. ఒక్కరు తప్పినా ముడే. అల్లిన జడ విప్పకుండా అమ్మవారి ముందు నుంచి ఎవరూ కదలకూడదు, కదిలితే ఊరికి మంచిది కాదని పెద్దల మాట.

ఆ నడుమ నిలబడే మనిషిని నేను. ఇరవై ఏళ్ళ పైమాట. మా గురువు వెంకయ్య పంతులు తమలపాకుల్లో కోలలు పెట్టి నా చేతికిచ్చాడు. పొగాకు కాల్చే బారన్లో పని చేసే మనిషి. ఎండుకట్టెలా ఉండేవాడు, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట. గొంతు విప్పితే మాత్రం ఊరి చివరి చేలో కలుపు తీసేవాళ్ళు కూడా నడుం ఎత్తి వినేవాళ్ళు. మమ్మల్ని ట్రాక్టరు తొట్టిలో ఎక్కించుకుని కనిగిరి, ఒంగోలు, ఇంకా పేరు గుర్తులేని పల్లెలన్నీ తిప్పాడు. అందరం ఒకే రంగు చీరలు, కనకాంబరాల చెండ్లు, ఒళ్ళో పులిహోర మూటలు. దారి పొడుగునా పాటలు పాడీ పాడీ, తీరా అక్కడికి పోయేసరికి గొంతులు బొంగురుపోయేవి. అప్పుడు పంతులు తిట్టే తిట్లు వినాలి! ఆ తిట్ల కోసమే పాడేవాళ్ళమేమో అనిపిస్తుంది ఇప్పుడు. తిరిగొచ్చాక అమీర్‌బీ వాళ్ళమ్మ గుల్జార్ బేగం అల్లం వేసి పెట్టే టీ కోసం వాళ్ళ ఇంటి ముందు బారులు తీరేవాళ్ళం. ఆ టీ రుచి నా నాలుక మీద ఇంకా ఉంది. ఉప్పూ కారం దూరమైన నాలుకకి పాత రుచులే దిక్కు.

అమీర్‌బీ అంటే నా ఉద్ది. ఉద్ది అంటే కోలాటంలో ఎదురు జంట, మన కోలకి కోల తగిలించే మనిషి. నేను కంబం దగ్గరికి పోకముందు మేమిద్దరం ఉద్దీలం. దూదేకుల వాళ్ళ పిల్ల, నాకన్నా ఓ ఏడు చిన్న. దాని కోల దెబ్బకి నా కోల ఎన్నిసార్లు విరిగిందో లెక్కలేదు.

ఇక ఈ వారం సంగతికి వద్దాం.

ఆ సాయంత్రం ఓడిపోయి ఇంటికొచ్చానని చెప్పాను కదా. మర్నాడు మధ్యాహ్నం దిళ్ళకి ఆనుకుని ఆలోచించాను. నెల పైనుంచి నేర్పుతున్నాను. అల్లడం చకచకా అల్లేస్తారు. విప్పే దగ్గరికి వచ్చేసరికి ఒకత్తి ఎడమకి పోతుంది, ఒకత్తి ఇకిలిస్తుంది, ముడి పడుతుంది. దున్నపోతు మీద వాన కురిసినట్టు నా మాటలన్నీ జారిపోతున్నాయి. అందర్లోకీ సీనియర్ అమీర్‌బీ, అది కూడా తప్పుతుంది! తిరునాళ్ళు ముంచుకొస్తున్నాయి. సరే, వీళ్ళకి రాదు, నా వల్ల కాదు, ఈ ఏడు జడకోపు లేదని కమిటీకి చెప్పేద్దాం, ముందు అమీర్‌బీతో ఒక మాట అనుకుందాం అని లేచాను. లేస్తుంటే ఏడుపొచ్చింది. ఎవరూ లేరు గనక ఏడ్చాను.

అమీర్‌బీ మొగుడు ఉస్మాన్ ఆటో తోలతాడు. వేపచెట్టు కింద ఆటోలోనే కునుకు తీస్తున్నాడు.

"ఉస్మానూ, మీ కల్లం దగ్గర దింపు."

ఉలిక్కిపడి లేచాడు. "కల్లానికా? ఎందుకు వదినా? అక్కడ మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఘాటు. దగ్గొస్తది నీకు. రమ్య నన్ను చంపుద్ది."

"చెంగు అడ్డం పెట్టుకుంటాలే. పద."

"పోనీ అమీర్‌ని నేనే పిలుచుకొస్తా. నువ్వు ఇంటికాడ కూర్చో."

"ఏందిరా, నీ ఆటో ఎక్కడానికి కూడా డాక్టరు చీటీ కావాలా?"

ఎక్కి కూర్చున్నాను. దారంతా మనిషి నత్తనడక నడిపాడు, ఊరికే హారన్ కొట్టాడు. ఖాళీ రోడ్డు మీద ఎవరికి కొడుతున్నావురా అంటే, కుక్క అన్నాడు. అక్కడ కుక్క లేదు.

కల్లం గట్టు దగ్గర దిగాను. నేలంతా ఎర్రగా మిరపకాయలు. ఘాటు ముక్కుకి తగిలింది. పిచ్చిదాన్ని, దగ్గొస్తుందని భయపడాల్సింది పోయి ప్రాణం లేచొచ్చింది నాకు. మా అమ్మ చీర వాసన అది. ప్రతి మాఘమాసం నా చిన్నతనమంతా ఆ వాసనే. చెంగు తడిపి ముక్కుకి కట్టుకుని, గట్టు మీద మెల్లగా, రెండడుగులకి ఒకసారి ఆగుతూ నడిచాను. షెడ్డు వెనక నుంచి పాట వినపడింది.

*ఒంటి పోగు జంటకూడె, జంట పోగు జడగ మారె,*
*వచ్చినా దారి మరువకమ్మా, వదినె! వెనుదిరిగి రావే...*

అది విప్పే పాట. పాడేది అమీర్‌బీ. నేను షెడ్డు గుంజ పట్టుకుని తొంగి చూశాను.

రంగు పోయిన తాలుకాయలు ఏరే పని ఆపి ఎనిమిది మందీ అక్కడున్నారు. షెడ్డు ముందు నిట్రాటనే కంబం చేసుకుని, దానికి పురికొస తాళ్ళు కట్టారు. నడుమ ఎవరూ లేరు. నేనుండాల్సిన చోట ఒక మిరపకాయల టిక్కీ, అదే బస్తా, నిలబెట్టి ఉంది. అమీర్‌బీ తనూ తాడు పట్టుకుని ఆడుతూ, ఆడుతూనే పాడుతూ, పాటలోనే పిలుపు కలుపుతోంది. జడ విప్పుకుంటూ పోతున్నారు. ఒక్క తప్పు లేదు! నిన్న నా ముందు కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలియనట్టు నిలబడ్డ లిడియా, ఆ పిల్ల, కళ్ళు మూసుకుని తిరుగుతోంది. తాళ్ళు ఒకదాని మీంచి ఒకటి జారి, చివరి మెలిక విడిపోయి, ఎనిమిది తాళ్ళూ గొడుగులా విచ్చుకున్నాయి. "ఓహో!" అని అరిచారు అందరూ.

నాకు మొదట కలిగింది సంతోషం. దేవుడి సాక్షిగా చెబుతున్నా, సంతోషమే. దాని వెనకే వచ్చింది కోపం. మామూలు కోపం కాదు.

"ఎన్నాళ్ళ నుంచే?" అన్నాను.

ఎనిమిది మొహాలూ ఇటు తిరిగాయి. నా వెనక ఉస్మాన్ "నేను వద్దన్నా అమీరూ" అని గొణిగాడు.

"నోట్లో బెల్లం ముక్కలు పెట్టుకున్నారా? నిన్న లోనికి అంటే బయటికి పోయింది ఎవరు? మొన్న ముడి వేసి పళ్ళికిలించింది ఎవరు? నేను అక్కడ ఊపిరి లేక చస్తుంటే మీకు ఆటగా ఉందా?"

లిడియా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఆ పిల్లకి నేను పెద్దమ్మ వరస. "అది కాదు పెద్దమ్మా... మాకు వచ్చేస్తే నువ్వు..."

"నేను?"

"వెంకయ్య తాత నీకు అప్పగించాడు, ఆ ఏడే పోయాడంట గదా. మా అమ్మ చెప్పింది. అప్పగించినోళ్ళు ఆ ఏడు దాటరంట. మాకు రానంతకాలం నువ్వుంటావు గదా అని..." అంటూ భోరుమంది.

చూశారా ఎంత పని చేశారో! గుంటూరు డాక్టర్లు మందులతో నన్ను కాపాడుతున్నారని నేననుకుంటున్నాను. వీళ్ళేమో తప్పటడుగులేసి కాపాడుతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉన్న టిక్కీ మీదే కూలబడ్డాను.

"ఓసి పిచ్చి మొహాల్లారా. పంతులుకి డెబ్బై దాటాయే. పైగా ఆ చుట్టలు. నాకు నేర్పకపోయినా పోయేవాడు."

అందరూ కళ్ళు తుడుచుకుని మళ్ళీ కాయల దగ్గరికి పోయారు. అమీర్‌బీ పోలేదు. తాళ్ళు చుట్టి పెడుతోంది, నా వైపు చూడకుండా.

"నువ్వు కూడా నమ్మావా ఇది?" అన్నాను.

"లేదు. వాళ్ళ భయం అది. వాళ్ళకి నేనేం చెప్పలా, ఆ భయం అట్టాగే ఉండనిచ్చా. తప్పులు చెయ్యమన్నది మాత్రం నేనే."

"ఎందుకే?"

తాళ్ళు పక్కన పడేసి నా ముందు గొంతుక్కూర్చుంది. "పోయిన దసరాకి నువ్వెట్టున్నావో నీకు తెలుసా పుల్లీ? పేరు రాసుకున్నారన్న దగ్గర్నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నావు. నేనొచ్చి కూర్చుంటే ఇటు తిరగలా. ఆ గుండేదో వచ్చేదాకా నాకింకేం పని అన్నావు. జడకోపు నేర్పుతానని అన్న రోజున తల దువ్వుకున్నావు. జాకెట్టుకి మ్యాచింగ్ చీర వెతికావు. రమ్య నాకు ఫోన్ చేసి ఏడ్చింది, పిన్నీ అమ్మ పౌడర్ రాసుకుందీ అని. మాకు వచ్చేసిందనుకో. మర్నాడు సాయంత్రం నువ్వు దేనికి లేస్తావు? అది చెప్పు నాకు."

దాని మాటలో తప్పు పట్టడానికి వెతికాను, దొరకలేదు.

"అరిచి అరిచి నాకు ఊపిరి పోతుంటే చూస్తా ఊరుకున్నావు," అన్నాను చివరికి.

"కుర్చీలో కూర్చుని చెప్పమన్నా. నువ్వు అరిచావు. నీ నోరు నేను కుట్టగలనా?"

అంతలో నాకు ఇంకోటి తట్టింది. ఇందాక పాటలో విన్నదే, కోపంలో పట్టించుకోలేదు. మూడో చరణం దగ్గర ఒక మలుపు ఉంది. అప్పటిదాకా లోపలికి పోయినవాళ్ళు వరసగా రెండుసార్లు బయటికి పోవాలి. విప్పడంలో ప్రాణం అక్కడే ఉంది. ఇన్నేళ్ళూ నా పిలుపుతో దాటించానే గానీ, దాని లెక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ముందు మిగతాది వస్తే చెబుదామని దాచాను.

"అమీరూ. ఆ మూడో చరణం మలుపు నీకెవరు చెప్పారు?"

అది లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళకి అంటుకున్న మిరప గింజలు దులుపుకుంది. "ఎవరో ఒకరు చెప్పారులే."

"నేను చెప్పలా. ఇంకెవరికీ తెలవదు."

"పంతులు చెప్పాడు."

"ఎప్పుడు?"

"నీకన్నా ముందు."

కల్లంలో కాయలు ఏరే చేతులు ఆగిపోయాయి. అందరూ వింటున్నారు. విననీ అనుకుందేమో, అది గొంతు తగ్గించలేదు.

"ఆ ఎండాకాలం నాకంతా నేర్పాడు పుల్లీ. బారన్ వెనకాల, మా అమ్మని కూడా కూర్చోబెట్టి. నడుమ నువ్వే నిలబడాలి, తమలపాకులు తెచ్చుకో అన్నాడు. అప్పుడే నీకు ఆ పిల్లాడు..."

ఇక అది చెప్పక్కర్లేదు. శ్రీరమ్య తర్వాత నాకో పిల్లాడు పుట్టాడు. పుట్టి ఏడవలేదు. ఆ బిడ్డని నాకు చూపించకుండానే తీసుకుపోయారు. నేను నులకమంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎన్నాళ్ళు పడుకున్నానో నాకు గుర్తులేదు. మా అత్త అన్నం కలిపి నోట్లో పెడితే మింగేదాన్ని. ఒక రోజు వెంకయ్య పంతులు గుమ్మంలో నిలబడి, "ఏమే పుల్లమ్మా, కంబం పట్టే గొంతు నీదొక్కదానిదే ఉంది ఈ ఊళ్ళో. లేస్తావా, తిరునాళ్ళు మానుకోమంటావా?" అన్నాడు. నేను లేచాను. ఆ ఒక్క మాట పట్టుకుని లేచాను. ఇన్నేళ్ళూ ఆ మాటే నా బంగారం. ఊళ్ళో ఎవరితో తగువొచ్చినా మనసులో అనుకునేదాన్ని, ఏమనుకుంటున్నావు, కంబం పట్టే గొంతు నాదొక్కదానిదే అని.

"నువ్వా ఆయన్ని పంపింది?" అన్నాను.

"పుల్లికి ఇవ్వండి పంతులూ అన్నా. అది లేవకపోతే పోద్ది అన్నా. ఆయన చుట్ట తీసి నా మొహం చూసి, సరేనన్నాడు. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు గదా, ఇంటికాడ రెండు మూడు సార్లు చెప్పుకుని వచ్చాడంట ఆ మాట."

చెంపదెబ్బ కొట్టినట్టయింది నాకు. ఇరవై ఏళ్ళు నేను నడుమ నిలబడి మీసం లేని మొనగాడిలా ఊరేగింది దీని చోటులోనా? ఇది ప్రతి ఏడూ నా పిలుపుకి ఏమీ తెలియనట్టు తిరిగిందా? నెల రోజులుగా నేను దీనికే నేర్పుతున్నానా, నాకన్నా ముందు నేర్చినదానికి?

"నాకు దానం చేశావన్నమాట," అన్నాను. ఏడుస్తూనే అన్నాను, దాచుకోలేదు.

అమీర్‌బీకి కోపం వచ్చింది. దానికి కోపం వస్తే ముక్కుపుడక అదురుతుంది. "దానం ఏంది, గీనం ఏంది? నాకు ఉద్ది కావాలి. నువ్వు గోడవైపు తిరిగి పడుకుంటే నాకు ఎదురెవరే? కంబం పట్టుకుని గంటలు గంటలు పాడటం నాకేం సరదానా? నాకు ఆడటం ఇష్టం. నువ్వు నడుమకి పోయాక కూడా నా ఉద్ది పోయిందని నేనెంత ఏడ్చానో ఎవరికి తెలుసు? అప్పుడు నువ్వు లేస్తే చాలనుకున్నా. ఇప్పుడూ అంతే."

అప్పుడు నా ఒంట్లో ఏం జరిగిందో చెప్పలేను. కాళ్ళు వాచి ఉన్నాయి, గుండె దడదడలాడుతోంది, తల నిండా ఆ బారన్ వెనకాల నేను చూడని ఎండాకాలం. ఒక్కటి మాత్రం తెలిసింది. విద్య పోతుందన్న భయం ఇక లేదు. అది భద్రంగా ఉంది, ఎప్పుడూ ఉంది. మరి నాకింకేం కావాలి? వెతుక్కుంటే ఒకటే కనపడింది. దాని కోలకి నా కోల తగలాలి. కంబం దగ్గర నిలబడి ఇరవై ఏళ్ళు అందర్నీ ఆడించాను. నేను ఆడలేదు.

"లిడియా, నీ తాడు ఇటివ్వు," అన్నాను.

"ఏందే?" అంది అమీర్‌బీ.

"తాళ్ళు కట్టించు. నీకు ఎదురు నేను నిలబడతా."

"నీకేమన్నా పిచ్చా? డాక్టరు ఏమన్నాడు?"

"రోజూ కాసేపు మెల్లగా నడవమన్నాడు. ఎటు నడవాలో చెప్పలేదు."

ఉస్మాన్ నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. అమీర్‌బీ నన్ను ఎగాదిగా చూసింది. వద్దు అంటుందనుకున్నాను. అనలేదు. "కోల ఎత్తి కొట్టవద్దు. తగిలించు చాలు. నాలుగు మెలికలు అల్లి విప్పేద్దాం. మెల్లగా పాడతా," అంది.

కట్టారు. లిడియా వచ్చి తన పురికొసా, కోలా నా చేతుల్లో పెట్టింది. టిక్కీ కూడా తీసేశారు, నడుమ ఖాళీ. అమీర్‌బీ పాట ఎత్తుకుంది, జోలపాటంత నెమ్మదిగా. నేను అడుగేశాను. అది ఎదురొచ్చి, కోలకి కోల తగిలించింది. టక్. అబ్బ, ఆ చప్పుడు! ట్రాక్టరు తొట్టి, కనకాంబరాలు, పంతులు తిట్లు, అల్లం టీ, అన్నీ ఒక్కసారి వచ్చి నా కళ్ళలో పడ్డాయి. లోపలి నుంచి పోయాను, బయటి నుంచి వచ్చాను. నా కాళ్ళకి గుర్తుంది. నాలుగు మెలికలు అల్లేశాం. అందరూ నా నడకకి తగ్గట్టు ఆగి ఆగి అడుగేస్తున్నారు, ఎవరూ ఆ సంగతి పైకి తెలియనివ్వడం లేదు.

ఇక విప్పడం. అది నాకు కొట్టిన పిండి కదా! పాట తిరిగింది. నేను ధీమాగా లోనికి తిరిగాను. తాడు గుంజింది. ఎదురుగా అమీర్‌బీ ఆగిపోయింది. పైకి చూశాను. ముడి.

ముడి నా తాడులో పడింది.

ఇరవై ఏళ్ళుగా నేను నడుమ నుంచి చూస్తున్నాను. అక్కడ నిలబడ్డవాళ్ళకి వీళ్ళ కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనపడుతుంది. నా లెక్కంతా అటునుంచే. బయట నిలబడి తాడు పట్టుకుని విప్పడం నాకు రాదు! ఎప్పుడో వచ్చేది, మర్చిపోయాను. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ పకపకా నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వుకి ఊపిరి చాలక కంబం పట్టుకున్నాను.

"ఇది ఈ జన్మకి రాదే నీకు," అంది అమీర్‌బీ, అచ్చం నా గొంతుతో.

"రేపు వస్తా. నేర్పు."

"రేపు సంగతి రేపు. ముందు ఈ ముడి చూడు. ఎవరి తాట్లో పడితే వాళ్ళే వెనక్కి తిరిగి తీసుకోవాలి. పంతులుకైనా అంతే."

"తెలుసు."

"మూడు చుట్లు. ఒక్కదానివే. మేం కదలం."

మూడు చుట్లు ఎంత? ఆరోగ్యం ఉన్న రోజుల్లో రెప్పపాటు. అది నా మొహంలోకి చూస్తోంది. మానేయ్ అనమంటే అనేస్తుంది, కొడవలి పెట్టి తాడు కోసేస్తుంది, నాకు తెలుసు. నేను తాడు సర్దుకుని వెనక్కి తిరిగాను. అది పాట ఎత్తుకుంది.

మొదటి చుట్టు అయింది. తాడు కాస్త వదులైంది. రెండో చుట్టు సగంలో ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టు ఊపిరి ఆగింది. కల్లం ఎరుపంతా కళ్ళ ముందు ఊగింది. ఉస్మాన్ "ఆపండి!" అని అరిచాడు. లిడియా నా వైపు రాబోయింది. అమీర్‌బీ కోల అడ్డం పెట్టి ఆ పిల్లని ఆపింది.

నేను ఆగిపోయాను, కాలు గాల్లోనే ఉంది. నా ఎదురుగా, అమీర్‌బీ కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. చరణం అయిపోయింది. అది మళ్ళీ మొదటికి వచ్చి, ఇంకా నెమ్మదిగా, నా అడుగు పడాల్సిన చోట గొంతు సాగదీసి, నా కాలు దిగేదాకా వదలనన్నట్టు అక్కడే పట్టి ఉంచింది.

పాట మాత్రం ఆపలేదు.